గుట్టుకి ఒక హద్దుంది

తణుకు,
విశ్వావసు ఆశ్వయుజ బహుళ ఏకాదశి.

చి.సౌ. బుజ్జికి చిన్నమ్మమ్మ ఆశీస్సులు.

ఫోన్లో చెప్పచ్చు కదా, ఈ రోజుల్లో ఉత్తరమేమిటని విసుక్కోకు. ఫోన్లో నేను నోరు తెరిచేలోపే "బాగున్నాం అమ్మమ్మా, పిల్లలూ బాగున్నారు" అనేస్తావు. ఆ మాట తరవాత ఇంకేం అడగాలో నాకు తోచదు. కాగితానికైతే నువ్వు అడ్డు రాలేవు. పిల్లలు పడుకున్నాక చదువు. ఒకేసారి కుదరకపోతే రెండు విడతలుగా చదువు.

మీరు వెళ్లాక బొమ్మల కొలువు తీసి పెట్టెలో సర్దాను. ఏటికొప్పాక జంటలో ఆడబొమ్మ తలమీద మీ చంటిదాని పళ్ల గాట్లు నాలుగు, వరసగా, ముత్యాల్లా పడ్డాయి. అవి లక్కలో కలిపిన చెట్ల రంగులు, దానికేం భయం లేదు. ఆ గాట్లు అలాగే ఉండనిచ్చాను. మా పెరట్లో పారిజాతం ఇప్పుడు విరగపూస్తోంది. పొద్దున్నే మీ పెద్దాడు గిన్నె పట్టుకుని తయారయ్యేవాడు కదా, ఇప్పుడు ఆ పూలు నేనొక్కదాన్నే వంగి ఏరుకోవాలి. చేలు ఈనాయి. వాయుగుండాలేవీ రాకుండా ఉంటే కార్తీకం వెళ్లేసరికి కోతలు మొదలవుతాయి.

ఈ రుతువు చూడ్డానికి ఎంత బాగుంటుందో చంటిపిల్లల ఇళ్లకి అంత కష్టమైనది. వైద్యులకి శరత్తు కన్నతల్లి అని పూర్వం ఊరికే అనలేదు. పగలు ఎండ చుర్రుమంటుంది, తెల్లారుజామున మంచు పడుతుంది. వానలకి చెరువుల్లో, బావుల్లో చేరిన మురికి ఇంకా అడుక్కి దిగదు. ఈగలు, దోమలు సరేసరి. పండగలన్నీ కూడా ఇప్పుడే. దసరా, అట్లతద్ది, దీపావళి, నాగులచవితి. ఇల్లు దులపాలి, పిండివంటలు చెయ్యాలి, బంధువులొస్తారు, పిల్లలకి బడి ఉండదు. ఇంటి ఇల్లాలికి ఊపిరాడదు. నీకు మరీను. ఉద్యోగానికి దసరా సెలవులు నాలుగు రోజులే, పిల్లల బడికేమో రెండు వారాలు.

అసలు ఎందుకు రాస్తున్నానంటే, మహర్నవమి నాడు వీధి అరుగు మీద పెద్దాడు నా ఒళ్లో కూచుని పప్పుచెక్క కొరుక్కుంటూ చెప్పాడు. "చెల్లికి కక్కులూ, విరేచనాలూ అయ్యాయి. నాన్న పుణె వెళ్లాడు. అమ్మ బాత్రూంలో కింద కూచుని ఏడ్చింది. ఎవరికీ చెప్పద్దంది" అన్నాడు. అప్పుడే నువ్వు గుమ్మంలోకి వచ్చావు. వాణ్ని పిలిచి లోపలికి తీసుకెళ్లిపోయావు. నాలుగేళ్లవాడు, వాడినేమీ అనకు. వాడు మోయలేక దింపుకున్నాడంతే.

బుజ్జీ, మీ అమ్మమ్మ చెంబు నీకు గుర్తుండే ఉంటుంది. ఇత్తడిది, అంచు ఒకవైపు నొక్కుకుపోయింది. వేసవి సెలవులకి మీరంతా వచ్చి వరసగా చాపలమీద పడుకుంటే, మీ తలల దగ్గర ఆ చెంబు పెట్టుకుని కూచునేది. అర్ధరాత్రి లేచి ఒక్కొక్కళ్ల పెదాలమీద తడివేలు రాసి చూసేది. నిద్రలోంచి లేపి మరీ రెండు గుక్కలు తాగించేది. మీ పిన్ని పిల్లలు నవ్వేవాళ్లు. నువ్వొకసారి "అమ్మమ్మకి నీళ్ల చాదస్తం" అన్నావు. మీ అమ్మ నీ వీపుమీద ఒక్కటి వేసింది. అంత చిన్నమాటకి ఎందుకు కొట్టిందా అని నువ్వు ఆ రోజంతా నా దగ్గరే ఉన్నావు.

ఎందుకో ఇప్పుడు చెబుతాను. మీ అమ్మకి ముందు ఒకడు పుట్టాడు.

మా అక్కని, అదే మీ అమ్మమ్మని, అత్తిలి దగ్గర పల్లెలో ఇచ్చారు. మా ఇంటికి పట్టుమని పది మైళ్లు లేవు. వెళ్లేటప్పుడు మా అమ్మ దాని కొంగున పసుపూ కుంకుమా కట్టి ఒకే మాట చెప్పింది. అక్కడి మాట ఇక్కడికి తేకు, గుట్టుగా సంసారం చేసుకో అని. ఆ రోజుల్లో ఏ తల్లయినా అదే చెప్పేది. అక్క బుద్ధిమంతురాలు, తు.చ. తప్పకుండా పాటించింది. 1966 దసరాలకి వాడికి ఏడాది దాటి రెండు నెలలు. అడుగులేస్తున్నాడు. విజయదశమి వెళ్లిన రెండోనాడు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు పోస్తే ఇంకా పారతాయి, కడుపు మాడిస్తే కట్టేస్తుందని ఆ ఇంట్లో పెద్దావిడ అంది. ఆవిడ చెడ్డది కాదు. ఆవిడకి తెలిసిందీ, ఆవిడ అత్తగారు చెప్పిందీ అదే. మన ఊళ్లోనూ అదే అనేవాళ్లు.

వాడు నీళ్లబిందె వైపు పాక్కుంటూ వెళ్లాడట. అడుగులేసే పిల్లాడు మళ్లీ పాకడం మొదలుపెట్టాడు. అక్క ఎత్తుకుని వెనక్కి తెచ్చింది. మళ్లీ వెళ్లాడు. మూడోసారి వెళ్లే ఓపిక వాడికి లేదు.

అక్కకి మనసులో తెలుస్తూనే ఉంది, ఇది సరి కాదని. పాలేరుని సైకిలుమీద పంపితే రెండు గంటల్లో మా నాన్న వచ్చి వాలేవాడు. తణుకులో సెలైను ఎక్కించే డాక్టరుగారు ఉన్నారు. కానీ కబురు చేస్తే పుట్టింటికి ఫిర్యాదు చేసినట్టవుతుందని ఆగింది. మాకు కబురు వచ్చేసరికి అంతా అయిపోయింది. మా అమ్మ ఆ తరవాత ఎవరి పెళ్లిలోనూ అప్పగింతల దగ్గర నిలబడలేదు, గమనించావో లేదో. పని ఉందని వంటింట్లోకి వెళ్లిపోయేది.

అక్క ఈ సంగతి నాకు ఒక్కసారే విడమరిచి చెప్పింది. నువ్వు పుట్టిన రాత్రి, ఆసుపత్రి వరండాలో. మళ్లీ ఎత్తలేదు.

ఉమ్మడి కుటుంబాలు పోయాయని ఇప్పుడందరూ నిట్టూరుస్తారు. నాకూ బెంగే. అట్లతద్దికి తెల్లవారుజామున మూడింటికే లేచి, చద్దన్నం తిని, చింతచెట్టుకి వేసిన ఉయ్యాల దగ్గరికి వీధి వీధంతా పరిగెత్తేవాళ్లం. గోరింటాకు ఎవరికి ఎర్రగా పండిందో లాంతరు వెలుతుర్లోనే చూసుకునేవాళ్లం. ఆడపిల్లలం బయటికి వెళితే చంటివాళ్లని చూసుకోడానికి ఇంట్లో పది చేతులుండేవి. ఒకరు నీళ్లు పోస్తే ఒకరు తుడిచేవారు, ఒకరు సాంబ్రాణి పొగ వేసేవారు. కానీ అంతమందిలోనూ కన్నతల్లికి మాట ఉండేది కాదు. ఆనాడు చేతులున్నాయి, నోరు లేదు. నీకు నోరుంది, చేతుల్లేవు. అక్కకి లేనిది నీకు దేవుడిచ్చాడు, అదన్నా వాడుకో.

ఇప్పటి రోజుల పద్ధతి నాకు మింగుడు పడదు. ప్రతివాళ్ల చేతిలోనూ ఫోనుంది. దసరాకి పట్టుపావడా కట్టిన పిల్ల ఫోటో గంటలో వందమందికి చేరుతుంది. అదే పిల్ల మూడు రాత్రులు వాంతులు చేసుకున్న సంగతి ఎదురు ఫ్లాటులో వాళ్లకి తెలియదు. మీ నిజాంపేటలో మీ అంతస్తులో ఎన్ని ఇళ్లున్నాయో చెప్పావు గానీ, వాళ్లలో ఒక్కరి పేరు చెప్పలేకపోయావు. సెలవులిచ్చి మరీ యూకేజీ పిల్లలకి ప్రాజెక్టులంటున్నారు. పెద్దాడి బతుకమ్మ ప్రాజెక్టు నువ్వు రాత్రి పన్నెండింటిదాకా కూచుని అంటించావు. వాడికి తంగేడు పువ్వు ఎలా ఉంటుందో తెలియనే లేదు. ఆ అట్టముక్క ఎవరికోసం? ఈసారి అంటించకు. టీచరుకి ఒక చీటీ రాసి పంపు, చేయలేదని. ఏమీ అవదు. నేను ముప్పయ్యేళ్లకి పైగా ఒకటో తరగతికి చెప్పాను, అనుభవంతో అంటున్నాను.

గుట్టు మంచిదే. నగల సంగతి, అప్పుల సంగతి, మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్న సంగతి నీలోనే ఉంచుకో, ఎవరూ అడగరు. పిల్లల ఒంట్లో బాగోకపోవడమూ, తల్లి నిలబడలేకపోవడమూ ఆ మూటలోవి కావు. మీ అమ్మకి బీపీ, కంగారుపడుతుందని చెప్పలేదని నాకు తెలుసు. అయితే నాకు చెప్పు. నాకు బీపీ లేదు.

ఇక పని సంగతులు.

వంటింట్లో కాఫీపొడి డబ్బా పక్కన ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు ఎప్పుడూ ఉండాలి. లీటరు నీళ్లకి కలిపే పెద్ద పొట్లం, 20.5 గ్రాములది, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్నది కొను. రంగు రంగు అట్టపెట్టెల్లో పళ్లరసంలాగా అమ్మేవి కొనకు. వాటిల్లో పంచదార ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మీ హైదరాబాదు పిల్లల డాక్టరే, శివరంజని సంతోష్ గారు, దీనిమీద ఎనిమిదేళ్లు పోరాడారు. ఆ ఫార్ములా లేనివాటిమీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వెయ్యకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉత్తర్వు ఇచ్చింది. పేపర్లో చదివి ఆవిడకి ఇక్కణ్నించే దణ్ణం పెట్టాను. కానీ దుకాణాల్లో పాత సరుకు ఉంటుంది, చూసి కొను.

కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పొట్లం మొత్తం ఒకేసారి కలుపు. సగం సగం కలపకు. ఒక రోజు దాటితే పారబొయ్యి. చంటిదానికి విరేచనమైనప్పుడల్లా పావుగ్లాసు నుంచి అరగ్లాసు దాకా, చెంచాతో, కొంచెం కొంచెంగా పట్టు. కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ పట్టు. పాలు మానిపించకు, అన్నం మానిపించకు. పొట్లం దొరకని వేళ లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా టీ చెంచా, తలకొట్టి కొలవాలి. జింకు మాత్రలు డాక్టరునడిగి పధ్నాలుగు రోజులూ వెయ్యి, విరేచనాలు కట్టుకున్నాయని మధ్యలో ఆపకు. ఆరు గంటలైనా ఒంటికి వెళ్లకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు గుంటలు పడినా, మలంలో నెత్తురు కనబడినా, పిల్ల మగతగా వేలాడినా ఇంట్లో ఉండకు. 108కి ఫోన్ చెయ్యి, లేదా ఆటో ఎక్కు. మొగుడికి ఫోన్ దారిలో చేసుకోవచ్చు.

ఇంత వివరంగా ఎందుకంటే, ఇది 1966లో మాకెవరికీ తెలియదు. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో, బొంగావ్‌లో, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు సెలైను సీసాలు అయిపోతే ఉప్పూ గ్లూకోజూ నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పెట్టి, తల్లులూ తండ్రులే పట్టించేలా చేశాడు. నూటికి ముప్పై మంది పోయే చోట నలుగురికి లోపు పోయారు. అక్క కొడుకు పోయిన అయిదేళ్లకి. ఆ పొట్లం నీ వంటింట్లో లేకపోవడం నేను సహించలేను.

రెండోది నీ గురించి. నువ్వు మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ పిల్లల కంచాల్లో మిగిలిందే తిన్నావు, కూచుని తినగా నేను చూడలేదు. రాత్రి చంటిది పడుకున్నా నువ్వు పడుకోలేదు, పెరట్లో పళ్లెం మీద పళ్లెం తోముతున్నావు. ఎందుకో అడిగితే "ఏం లేదు" అన్నావు. ఆ ఏడుపు, ఆ నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అది బద్ధకమూ కాదు, అసమర్థతా కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన జబ్బు. ముందు మాట్లాడి చూడాలనుకుంటే 14416 అని టెలీమానస్ నంబరుంది, సర్కారుది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మా అంగన్‌వాడీ గోడమీద రాసి ఉంది.

మీ ఆయన మంచివాడే. మంచివాడికైనా చెబితేనే తెలుస్తుంది. ఊళ్లో ఉన్న వారంలో రెండు రాత్రులు చంటిది అతని దగ్గరే పడుకోవాలి, ఆ రెండు రాత్రులూ నువ్వు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. పుణె వెళ్లేముందు ఎవరు తోడుంటారో అతనే తేల్చి వెళ్లాలి. నువ్వు చెప్పలేనంటే ఈ ఉత్తరం చూపించు. నన్ను కోప్పడితే కోప్పడనీ.

రేపు ఎదురు ఫ్లాటు తలుపు కొట్టి, దీపావళికి నాలుగు కజ్జికాయలు ఇచ్చి, ఆవిడ పేరూ ఫోన్ నంబరూ రాసుకుని నాకు పంపు. మర్చిపోయానంటే ఊరుకోను.

నాగులచవితి పుట్టలో పాలు పోసి ఆ మర్నాడే బయలుదేరుతున్నాను. కార్తీక మాసం అయ్యేదాకా మీ దగ్గరే. అడగలేదు, చెబుతున్నాను. నాకోసం గది ఖాళీ చెయ్యక్కర్లేదు, పిల్లల గదిలో చాప వేస్తే చాలు. రాత్రిళ్లు నాకు ఎలాగూ నిద్ర పట్టదు, చంటిదాన్ని నేను చూసుకుంటాను. స్టేషనుకి పిల్లల్ని లేపుకుని రావద్దు, మీ మావయ్య కొడుకు దింపుతానన్నాడు. నల్లకారం, గోంగూర పచ్చడి తెస్తున్నాను. ఇంకేమైనా కావాలంటే చవితి లోపల చెప్పు.

ఆశీస్సులతో,
చిన్నమ్మమ్మ