చెరువు ఎవరిది?

చూసినవాళ్ళదా, తాగేవాళ్ళదా? ఈ ప్రశ్న నాకు కొడైకెనాల్ కొండల్లో, బేరిజం చెరువు దగ్గర పుట్టింది.

శరదృతువులో ఒకరోజు హోసూరు పిల్లలం కొందరం పెద్దవాళ్ళతో కలిసి అడవిదారిలో నడుస్తూ ఆ చెరువు చూశాం. అటవీశాఖ అనుమతి లేనిదే అక్కడికి పోనివ్వరు. "చూసి వచ్చేదానికి కూడా అడగాలా? అడవి అందరిదీ కదా!" అన్నాడు నా స్నేహితుడు. వాడి మాటలోనూ న్యాయముంది. కంటితో చూడనిదాన్ని కాపాడాలని ఎవరికి తోస్తుంది?

అయితే బేరిజం నీళ్ళు కొండకింద పెరియకుళం ఊరికి తాగునీళ్ళు. మా అత్తావాళ్ళు ఉండేది ఆ ఊళ్ళోనే. వాళ్ళెవరూ ఈ చెరువును చూడలేదు. తాగేది మాత్రం ఈ నీళ్ళే. ఈ కొండల్లోని షోలా అడవి వాననీటిని పట్టి ఉంచి, మెల్లమెల్లగా వదులుతుంది. అక్కడ మనం మొక్కలు తొక్కి, చెత్త పారేసి వస్తే మనకేమీ కాదు, కష్టం కిందివాళ్ళకి. మనల్ని వద్దనడానికి వాళ్ళు అక్కడ ఉండరు. అందుకే వాళ్ళ తరఫున ఎవరో ఒకరు దారిలో నిలబడి అడగాలి.

నాకు తోచింది ఇది: చూసేవాళ్ళం చుట్టాలం, తాగేవాళ్ళు ఇంటివాళ్ళు. చుట్టాన్ని రావద్దనడం మర్యాద కాదు. గడప దగ్గర ఆగి పిలవకుండా లోపలికి పోవడం కూడా మర్యాద కాదు. మీరేమంటారు?