పిస్తోలుకు పరీక్ష పెట్టేదెవరు?

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు రోజూ రైల్లో వచ్చి చదువుకునే విద్యార్థి నా దగ్గర ఒకడున్నాడు. వాడిది మాధవరం. యింటికొకరైనా సైన్యంలో చేరడం ఆనవాయితీ కావడంవల్ల మిలిటరీ మాధవరమని పేరుపడ్డ వూరు. సైన్యం తన పిస్తోలును యెలా యెన్నుకుంటుందో వాడొకనాడు క్లాసులో యేకరువు పెట్టి, చివరకు నన్ను అడిగాడు: "యిందులో నీతి ప్రశ్న యేముంది మాస్టారూ? యేది మొరాయించదో, యేది చవకో, యేది చేతిలో యిముడుతుందో చూస్తారు. అది యింజనీర్ల పని గదా!"

తోసిపుచ్చదగిన మాట కాదిది. 1911 మార్చిలో అమెరికా సైన్యం కోల్ట్ కంపెనీ పిస్తోలుతో 6,000 గుళ్లు పేల్చి చూసింది. ఒక్కసారైనా అది మొరాయించలేదు. పోటీకి వచ్చిన సావేజ్ పిస్తోలు పలుమార్లు ఆగింది. ఆ నెలాఖరుకే కోల్ట్ సైన్యపు ఆయుధమయింది. పేలవలసిన క్షణంలో పేలని ఆయుధం చేతికిచ్చి మాధవరం పిల్లవాణ్ణి సరిహద్దుకు పంపడంకంటె పాపం యేముంది? శాంతి పేరుతో యీ ప్రశ్నను దాటవేసేవారితో నాకు పేచీ వున్నది. (ఆ పిల్లవాడికి సాధారణంగా దక్కేది రైఫిలేననీ, పిస్తోలు ముఖ్యంగా ఆఫీసర్లదనీ కూడా మరవరాదు.)

అయితే ఆ పరీక్షకు ముందు మరొక పరీక్ష జరిగింది. 1904లో థాంప్సన్ అనే సైనికాధికారీ, లాగార్డ్ అనే సైనికవైద్యుడూ చికాగో కబేళాలలో బతికున్న పశువులమీద, వేరే చోట మనుషుల శవాలమీద రకరకాల గుళ్లు కాల్చి చూశారు. యే గుండుకు యెంత త్వరగా కూలుతుందన్నదే వారికి కావలసిన జవాబు. ఆ ప్రశ్న వూరకే పుట్టలేదు. అమెరికా ఆక్రమించుకున్న ఫిలిప్పీన్సు దీవుల దక్షిణాన మోరోలు కత్తులు పట్టి యెదురు తిరిగారు. .38 రివాల్వరు దెబ్బ తిని కూడా వాళ్లు ఆగడం లేదని ఆఫీసర్లు మొత్తుకున్నారు. తన నేలమీద నిలబడ్డ మనిషి యెందుకు ఆగడన్నది పరీక్షాంశం కాలేదు. గుండు యెంత లావుండాలన్నదే అయింది. .45 అంగుళానికి తక్కువైతే పనికిరాదన్నారు. 1911 నాటి పిస్తోలు గొట్టం కొలత ఆ తీర్పే.

యీ చరిత్రలో మన వూరిపేరు కూడా ఒకటున్నది. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో తయారయి, వొంట్లో విచ్చుకొనే గుండు ఆ పేరుతోనే లోకమంతా తెలిసింది. 1899 హేగ్ సభలో దాన్ని నిషేధించబోతే, నాగరిక సైనికుడు గాయపడగానే ఆగుతాడనీ, అనాగరికుడు ఆగడనీ బ్రిటిష్ ప్రతినిధి వాదించాడు!

కొల్లేటి లంకలో పుట్టినవాణ్ణి గనుక నాకిది వింతగా తోచదు. గట్టుమీద ఆరేసిన వల కన్ను చూసి, దాని ఆసామి కొరమీనుకు పోతున్నాడో చిన్న చేపకు పోతున్నాడో మా వూళ్లో పసివాడైనా చెబుతాడు. చేప యింకా నీళ్లలోనే వుంటుంది. వల దాని కొలత ముందే తీసుకొని వుంటుంది. దారం గట్టిదా కాదా చూడడం ఒక పని. కన్ను యెంతో నిర్ణయించడం వేరొక పని. నా శిష్యుడు మొదటి పనిని చూసి అదే సర్వమనుకున్నాడు.

మన కాలానికి వద్దాం. సైన్యపు మహౌ పదాతిదళ పాఠశాలా, పూణే ఆయుధ పరిశోధనశాలా కలిసి నాలుగు నెలల్లో రూపొందించిన 'అస్మి' మెషిన్ పిస్తోలును 2021 జనవరిలో ప్రకటించారు. ఒక్కొక్కటి యాభైవేల రూపాయల లోపే అవుతుందన్నారు. హైదరాబాదు కర్మాగారంలో తయారైన 550 అస్మిలు 2024లో వుత్తర కమాండుకు చేరాయి. పరాయి దేశాల మొహం చూడకుండా మన కార్మికుల చేతిలో ఆయుధం తయారుకావడం నాకూ సంతోషమే. కాని ఆనాటి ప్రకటన మళ్లీ చదివాను. టాంకు సిబ్బంది, విమాన సిబ్బంది పేర్ల తరువాత కేంద్ర, రాష్ట్ర పోలీసులకూ, ప్రముఖుల రక్షణకూ కూడా వుపయోగిస్తుందని వున్నది. సరిహద్దుకని కొలిచిన ఆయుధాన్ని వూళ్లోకి తెచ్చేటప్పుడు పరీక్ష మళ్లీ పెడతారా? యెదుట నిలబడేది యెవరన్న గడి ఆ కాగితంలో వుంటుందా?

మాధవరం కుర్రవాడు వొప్పుకోలేదు. "యెదుటివాడెవడని ఆలోచిస్తూ నిలబడితే మా నాన్న యింటికి తిరిగొచ్చేవాడా మాస్టారూ?" అన్నాడు.

వచ్చేవాడు కాడన్నాను. ఆలోచించవలసింది ఆ క్షణంలో మీ నాన్న కాదురా, అంతకు యేళ్ల ముందు కుర్చీలలో కూర్చుని కొలతలు రాసినవాళ్లు అన్నాను. యింతలో గూడెం రైలుకు వేళయింది. నాన్ననడిగి రేపు చెబుతానని సంచీ తగిలించుకొని వెళ్లాడు.