మౌనానికి సహేతుక కారణం: ఒక నైతిక పరిశీలన

హత్య, దోపిడీ వంటి నేరాల గురించి తెలిసిన ప్రతి వ్యక్తీ వెంటనే పోలీసులకు గాని మేజిస్ట్రేటుకు గాని తెలియజేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023లోని 33వ సెక్షన్ నిర్దేశిస్తుంది. ‘సహేతుక కారణం’ ఉంటే మినహాయింపు లభిస్తుంది. దానిని నిరూపించే భారం మౌనం వహించినవారిదే. ఏది సహేతుకమో ఆ సెక్షన్ నిర్వచించలేదు. నైతిక దృష్టిలో ప్రాణభయం కారణం కాగలదు. ‘మనకెందుకు’ అన్న ఉదాసీనత కాలేదు. పోక్సో చట్టం, 2012 సమాచారమివ్వని పెద్దలను శిక్షిస్తూ బాలలను మినహాయించింది. అంటే బాధ్యతకు శక్తే కొలమానం.

అయితే వినేవారు లేనిచోట చెప్పే శక్తి నిలుస్తుందా? 2019 నవంబరులో శంషాబాద్ వద్ద అదృశ్యమైన యువతి కుటుంబం ఫిర్యాదుకు వెళ్తే స్టేషన్ పరిధి అడ్డు వచ్చింది; జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. పరిధితో నిమిత్తం లేకుండా సమాచారం స్వీకరించాలని నేడు 173వ సెక్షన్ చెబుతోంది. రాజ్యవైఫల్యం పౌరుని బాధ్యతను రద్దు చేయదు. కాని మౌనానికి కారణం అడిగే నైతికార్హత, వినడానికి సాకులు చెప్పని రాజ్యానికే ఉంటుంది.