ప్రజారోగ్య విద్య: మొదట అప్పు లెక్క, తరువాతే జీతం లెక్క

మన ఇళ్ళల్లో బీయూఎంఎస్, బీడీఎస్, నర్సింగ్ పూర్తిచేసిన పిల్లలు కొంతకాలంగా ఎంపీహెచ్ పేరు ఎక్కువగా చెబుతున్నారు. ఇది ప్రజారోగ్యంలో పీజీ కోర్సు, మన దేశంలో రెండేళ్ళు. వైద్యుడు తన దగ్గరకు వచ్చిన రోగిని చూస్తాడు. ప్రజారోగ్యం చదివినవాడు ఒక బస్తీలో పది ఇళ్ళల్లో ఒకేసారి విరేచనాలు ఎందుకు మొదలయ్యాయో, మంచినీటి పైపులో మురుగునీరు ఎక్కడ కలిసిందో, టీబీ మందులు ఎందరు మధ్యలో మానేశారో చూస్తాడు. 2020లో కరోనా వచ్చాక ఈ పని విలువ అందరికీ తెలిసింది.

ఇలాంటి చదువు గురించి తండ్రి "జీతం ఎంత వస్తుంది?" అని అడిగితే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. సేవ కోసం చదివే చదువుకు జీతం లెక్కేమిటి, అల్లాహ్‌పై భారం వేయండి అంటారు. ఈ మాట సరైనది కాదు. తనపై ఆధారపడినవారిని పోషించకుండా వదిలేయడం పాపమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. కనుక సంపాదన గురించి అడగడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అయితే నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న అప్పు.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అప్పును రాసిపెట్టుకోవడం గురించే అందులో ఆదేశాలున్నాయి. ఒక జనాజా వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఆ వ్యక్తి ఏమైనా వదిలి వెళ్ళాడా, అతనిపై అప్పు ఉందా అని విచారించారు. మూడు దీనార్ల అప్పు ఉందనీ, వదిలివెళ్ళింది ఏమీ లేదనీ చెప్పినప్పుడు, మీరే నమాజు చేయండి అన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తనపై వేసుకున్న తరువాతే ముందుకు వచ్చి నమాజు చేయించారు. ఆ మూడు దీనార్లు ఏ పని కోసం తీసుకున్నాడన్న విచారణ ఈ ఉల్లేఖనంలో కనిపించదు. మంచి చదువు కోసమే కదా అని అప్పును తేలికగా తీసుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి.

ఇక బ్యాంకు విద్యారుణం సంగతి. కోర్సు ముగిసిన తరువాత సాధారణంగా ఒక ఏడాది వరకు వాయిదాలు కట్టనవసరం లేదు. ఈ సౌకర్యం విని తల్లిదండ్రులు ఊరట పడతారు. కానీ ఆ కాలంలో వడ్డీ ఆగదు. ఉదాహరణకు విదేశంలో రెండేళ్ళ ఎంపీహెచ్ కోసం 30 లక్షలు 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. బారువడ్డీ వేసినా, మొత్తం మొదటి రోజే తీసుకుంటే, మూడేళ్ళకు 9 లక్షలు చేరుతుంది. ఆ 39 లక్షలను పదేళ్ళలో తీర్చాలంటే నెలకు 51 వేలకు పైగా కట్టాలి. వడ్డీ హరామ్ అన్న విషయం అలా ఉంచినా లెక్క ఇది. అలా ఉంచడానికి మనకు అధికారం లేదు, అది వేరే మాట.

గత్యంతరం లేనప్పుడు నిషిద్ధానికి కూడా సడలింపు ఉంటుంది కదా అని యువకులు వాదిస్తారు. ఆ నియమం నిజమే. కానీ ఇక్కడ గత్యంతరం లేదా? తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం 1997 నుండి ఎంపీహెచ్ నడుపుతోంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉంది. హైదరాబాద్‌లోనే 2008లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఏర్పడింది. ఇల్లు తాకట్టు పెట్టి సముద్రాలు దాటడాన్ని 'జరూరత్' అనడానికి నా మనసు ఒప్పుకోదు. పైగా అమెరికాలో చదువు ముగిసిన విద్యార్థికి ఉద్యోగానుభవం కోసం 12 నెలలే గడువు. మరో 24 నెలలు గణాంకాల వంటి విభాగాల కోర్సులు చేసినవారికే దొరుకుతాయి. 2025లో అక్కడి ప్రభుత్వం తన ఆరోగ్యశాఖలోనే పదివేల ఉద్యోగాల తొలగింపు ప్రకటించింది.

అప్పు వల్ల జరిగే అసలు నష్టం మరొకటి ఉంది. నెలకు 51 వేలు కట్టవలసినవాడు జిల్లా కార్యాలయంలో ఒప్పంద ఉద్యోగంలో చేరలేడు. ఆదిలాబాద్ గూడేల్లో మలేరియా పని చేయాలని ఎంత కోరిక ఉన్నా, బీమా కంపెనీలోనో మందుల కంపెనీలోనో పెద్ద జీతం వెతుక్కోవలసిందే. ఆ ఉద్యోగాలు తప్పని నేననను. కానీ ఏ సంకల్పంతో చదివాడో ఆ సంకల్పాన్ని అప్పే మింగేసింది.

హిజ్రీ 505లో మరణించిన ఇమామ్ గజాలీ (రహ్మ) వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా లెక్కించారు. ఎన్నో ఊళ్ళల్లో ముస్లిం వైద్యుడే లేకపోయినా అందరూ ఫిఖ్‌హ్ వైపే పరుగెత్తుతున్నారని ఆయన బాధపడ్డారు. కారణం కూడా చెప్పారు: ఖాజీ పదవి, వక్ఫు ఆస్తుల అజమాయిషీ ఆ దారిలోనే దొరుకుతాయి. మా వర్గాన్నే ఆయన తప్పుపట్టారు, న్యాయంగానే. నేడు ఆ పరుగు దిశ మారింది, అంతే.

ఫర్జె కిఫాయా అన్నాక భారం ఒక్క విద్యార్థిదే కాదు. ఎవరూ చేయకపోతే పాపం అందరిదీ. మైనారిటీ విద్యార్థుల విదేశీ రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చే 'పఢో పర్‌దేశ్' పథకాన్ని కేంద్రం 2022-23 నుండి ఆపేసింది. వడ్డీ లేని ఖర్జె హసనా ఇచ్చే పని జమాఅత్‌లు ఎందుకు చేపట్టకూడదు? ఒక్క వలీమా ఫంక్షన్ హాలుకు పెట్టే ఖర్చుతో ఇక్కడే చదివే పిల్లవాడి ఫీజులో కొంత తీరుతుంది.

అమ్మాయిల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. కుటుంబాన్ని పోషించే బాధ్యత షరీఅత్ ఆమెపై పెట్టలేదు. కానీ ఆమె పేరు మీద ఉన్న అప్పు ఆమెదే, నికాహ్ తరువాత కూడా. అది దాచి సంబంధం మాట్లాడటం మోసం.

విద్యారుణంపై సాధారణంగా తండ్రి కూడా సంతకం చేస్తాడు. అతను మరణిస్తే అతనిపై ఉన్న అప్పు తీరిన తరువాతే వారసులకు వాటాలు. అందుకే ఆ సంతకానికి ముందు, ఇంట్లో మిగిలిన కొడుకులనూ కూతుళ్ళనూ కూర్చోబెట్టి, కాగితం మీద లెక్క వేసి చూపించి, వాళ్ళ మాట కూడా వినాలి.