అడ్వాన్సు అడుగుట పాపమా?

మేమెరిగిన విధవరాలు ఒకామె కుమార్తె చదువు నిమిత్తము తెనాలిలో గది అద్దెకు తీసికొని, ఆరు వేలు అడ్వాన్సు ఇచ్చెను. ఖాళీ చేసి యేడాది దాటినను యజమాని ఆ సొమ్ము తిరిగి ఇయ్యలేదు. అతడును మన సంఘమువాడే. "అయ్యగారూ, కోర్టుకు పోతే పాపమా?" అని ఆమె అడుగగా, మేము 1 కొరింథీ 6:7 చూపి, సహించుమని పంపితిమి.

ఆ రాత్రి ఎనిమిదవ వచనము చదివి సిగ్గుపడితిమి. సహోదరులకే అన్యాయము చేయువారిని అపొస్తలుడు అక్కడ గద్దించుచున్నాడు. ఏడవ వచనము ఎవరి నష్టమును వారు విడుచుకొనుటకే గాని, పరుల నష్టమును మనము విడిచిపెట్టుటకు కాదు గదా! బీదవాని వస్త్రము కుదవగా నున్నయెడల ప్రొద్దు గ్రుంకులోగా అప్పగింపవలెనని నిర్గమ 22:26 విధించుచున్నది.

మరునాడు ఆమె యింటికి పోయి మా మాట వెనుకకు తీసికొంటిమి. మత్తయి 18వ అధ్యాయపు క్రమము చొప్పున ఇద్దరు పెద్దలతో యజమానిని కలిసితిమి. గోడలకు రంగు వేయించితిననెను గాని, లెక్క చూపలేదు.

బాకీ దావా సామాన్యముగా మూడేండ్లలోగా వేయవలెనని 1963 నాటి కాలపరిమితి చట్టము. సహనమునకును గడువున్నదన్నమాట. 1987 నాటి న్యాయసేవల చట్టము చొప్పున స్త్రీలకు, ఆదాయమెంతైనను, ఉచిత న్యాయసహాయము కలదు. తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టులలో జరుగు లోక్ అదాలత్‌లకు ఫీజు లేదు. ఇరువురును ఒప్పుకొన్న రాజీ డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. అతడు ఒప్పుకొననియెడల దావాయే శరణ్యము.

ఆమె అర్జీ వ్రాయించినది. మేమును వెంట వెళ్లుచున్నాము. వచ్చే ఆదివారము ప్రభువు బల్లయొద్ద ఆ యిద్దరికిని మేమే రొట్టె అందింపవలెను.