పదకొండో వచనానికి ముందు

చదువు కోసం ఊరు దాటే పిల్లల్ని ప్రార్థన చేసి పంపేటప్పుడు మన క్రైస్తవ కుటుంబాల్లో ఎవరో ఒకరు యిర్మీయా 29:11 చదువుతారు. రాబోయే కాలం మీద నిరీక్షణ కలిగించే మాట అది. ఖరగ్‌పూర్ ఐఐటీకి వచ్చిన విద్యార్థి దాన్ని హాస్టల్ గోడకు అంటించుకుంటాడు. సీజీ (గ్రేడ్ల సగటు) పడిపోయినప్పుడు, డిసెంబర్‌లో ప్లేస్‌మెంట్లు మొదలైనప్పుడు దానివైపే చూస్తాడు. తప్పేమీ లేదు. కాకపోతే అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోది. ఉత్తరాన్ని ఎవరూ మధ్యలోంచి చదవరు కదా!

పైన ఏముంది? ఇళ్లు కట్టుకోమని, తోటలు వేసుకోమని, పిల్లలకు పెళ్లిళ్లు చేయమని. అన్నిటికంటే కష్టమైనది ఏడో వచనం: తమను చెరపట్టుకొచ్చిన ఆ పట్టణం క్షేమాన్నే కోరమని, దానికోసం ప్రార్థన చేయమని. తిరుగు ప్రయాణానికి డెబ్బై ఏళ్లు పడుతుందని పదో వచనం. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అందరూ తిరిగొస్తారని తప్పుగా చెప్పాడు. నాలుగేళ్లు ఎలాగో గడిపేద్దాం, దేవుడు నన్ను దేనికి పిలిచాడో తర్వాత తెలుస్తుందిలే అనుకునే విద్యార్థిదీ హనన్యా లెక్కే.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల లెక్క వేరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వర్క్‌షాప్ పనికి వచ్చినవాళ్లు ఇక్కడే నిలిచిపోయారు. నింపురా, మథురకాటి క్వార్టర్లలో తరాలు గడిచాయి. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే ఇలా పాతుకుపోయినవాళ్ల వల్లే.

క్రైస్తవులైనవాళ్లు తమ ఆరాధననూ వెంట తెచ్చుకున్నారు. వాళ్లు వచ్చిన కోస్తాలో బాప్టిస్టు సంఘాల మొదట్లోనే ఒక ఉద్యోగస్థుడు కనిపిస్తాడు. కాకినాడలో సువార్త పని మొదలుపెట్టిన థామస్ గాబ్రియేల్ టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసినవాడు. 1874లో కెనడా మిషనరీ జాన్ మెక్లారిన్ అక్కడికి చేరేసరికే ఆ పని నడుస్తోంది. గాబ్రియేల్ ఉద్యోగం మానేశాడు, నిజమే. ఇక్కడి ఫిట్టర్లు, ఖలాసీలు మానలేదు. ఆదివారం కూడా షిఫ్టు పడే బతుకులో జీతం పని వేరు, దేవుని పని వేరు అని గీత గీసుకోవడం ఎలా కుదురుతుంది?

సీజీ బెంగ పెట్టుకున్న పిల్లలకు నేను వి.ఎస్. అజరయ్య సంగతి చెబుతుంటాను. ఆయన తమిళుడు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదువుతూ, పరీక్షల సమయంలో జబ్బుపడి డిగ్రీ అందుకోలేకపోయాడు. వై.ఎం.సి.ఎ.లో పనిచేసి, ఆపైన దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని అక్కడివాడైపోయాడు. 1912 డిసెంబర్ 29న ఆయన బిషప్ అభిషేకం జరిగింది మన పక్కనే, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. అన్నట్టు, దోర్నకల్ కూడా రైల్వే జంక్షనే.

ఐఐటీ మెయిన్ బిల్డింగ్ మీద దేశసేవకు అంకితమని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. పందొమ్మిదేళ్ల కుర్రాడికి దేశం మరీ పెద్దది. ప్రాక్సీ అటెండెన్స్ వేయించుకోకపోవడం, ల్యాబ్ రీడింగులు అల్లకపోవడం మాత్రం ఈ సెమిస్టర్‌లోనే చేయొచ్చు. క్యాంపస్ నుంచి పూరీ గేట్ దాటి టౌన్‌లోకి వస్తే చేయడానికి ఇంకా పని దొరుకుతుంది. లెక్కలంటే వణికే టెన్త్ క్లాసు పిల్లలున్నారు. నవంబర్ వస్తే పెన్షన్ ఆగకుండా లైఫ్ సర్టిఫికెట్ ఎలా పంపాలో తెలియక ఫోన్ పట్టుకు కూర్చునే తాతయ్యలున్నారు. వాళ్లతో తెలుగులో మాట్లాడితే చాలు, ముందు టీ వస్తుంది, తర్వాత పని చెబుతారు. ఎవరింటికి వెళ్లాలో సంఘ పెద్దల్ని అడగండి. బెంగాలీ పొరుగువాళ్ల ఇళ్లు కూడా వాళ్లే చూపిస్తారు.