ఆశ్రిత ప్రాణి: దయా, ఋణమా?

మహాప్రస్థానిక పర్వంలో, వెంట వచ్చిన కుక్కను విడిచి ఇంద్రరథం ఎక్కడానికి ధర్మరాజు సమ్మతించడు. దారిలో పడిన ద్రౌపదిని, తమ్ములను విడువలేదా అన్న ఆక్షేపణకు, మృతులనే విడిచానని, జీవించి ఉన్నవారిని కాదని ఆయన సమాధానం. ఆ కుక్క ధర్మదేవత అని అప్పటికి ఆయన ఎరుగడు. కనుక ఆ నిర్ణయానికి మూలం ఫలాపేక్ష కాదు, ఆశ్రయ సంబంధం.

పెంపుడు జంతువుల విషయంలో ఈ భేదం ముఖ్యమైనది. దయ మనఃస్థితిని బట్టి హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఆశ్రయమిచ్చినవాని బాధ్యత అలా మారదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా తగిన కారణం లేకుండా, ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును వదిలివేయడాన్ని నేరంగా పరిగణించింది. అయితే మేత కొనలేని రైతు వట్టిపోయిన గేదెను అమ్ముకోవడం, స్థోమత గల గృహస్థు ముసలి కుక్కను వీధిలో విడవడం సమానం కావు. మొదటిది అశక్తత, రెండవది ఆశ్రితద్రోహం.